దుప్పటికి అటు చివర

తలుపు తీస్తే గుమ్మంలో గంజి మేడమ్! పోయిన వారం మిమ్మల్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాను. కోప్పడకండి, ఇప్పుడే లోపలికి తీసుకెళ్తాను. కాకపోతే మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళు కొందరుంటారు కదా, వాళ్ళ కోసం గబగబా నాలుగు ముక్కలు.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి సొంత అక్క, ముప్పై ఏడేళ్ళు ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడత పెట్టింది. సెల్లార్లో, బాయిలర్ పక్కన, పొద్దున వెళ్తే సాయంత్రం దాకా ఆవిరిలోనే. ఆవిడకి అక్కడ దర్శనాలు కలిగేవి. నవ్వకండి. నేనూ మొదట్లో నవ్వాను. మూడో అధ్యాయం టైపు చేసేసరికి ఆ నవ్వు ఎటు పోయిందో నాకే తెలీదు. అవును, ఆవిడ జ్ఞాపకాలన్నీ పుస్తకంగా వస్తున్నాయి. పెద్దమ్మ చెబుతుంది, నేను ల్యాప్‌టాప్‌లో కొడతాను, పక్కనే పెదనాన్న ఊరందరి చొక్కాలూ ఇస్త్రీ చేస్తూ ఏమీ విననట్టు నటిస్తాడు. పెదనాన్న కూడా ఆ ఆసుపత్రిలోనే బాయిలర్ దగ్గర పనిచేశాడు. రిటైరయ్యాక ఇంటి ముందుగదిలోనే ఇస్త్రీ బల్ల వేసుకున్నాడు. పుస్తకమంతా ప్రెస్సుకి వెళ్ళిపోయింది. ఏడో అధ్యాయం ప్రూఫు ఒక్కటే మిగిలింది. మేడమ్ వచ్చిన రోజు సాయంత్రం ఐదింటికల్లా అది పంపాలి. అసలు సంగతంతా ఆ ఏడో అధ్యాయంలోనే ఉంది.

ఆ లాండ్రీలో దుప్పట్లు రెండు రకాలు. స్పెషల్ రూముల దుప్పటికి మూల మీద ఎర్రదారం కుట్టు, జనరల్ వార్డు దుప్పటికి నీలందారం కుట్టు. ఎర్రవి ముందు మంచి వేడినీళ్ళలో ఉతికేవాళ్ళు. అవి తీసేశాక, అవే నీళ్ళలో నీలంవి వేసేవాళ్ళు. ఉతికే ఆడవాళ్ళు కూడా రెండు జట్లే. ఎర్రదారం జట్టు బల్ల మీద భోజనం చేసేది, నీలందారం జట్టు మెట్ల కింద. రెండు జట్లూ కలిసేది ఒక్క మడతల హాల్లోనే, ఎందుకంటే పది అడుగుల దుప్పటి ఒక్కరి వల్ల కాదు. ఇటొకరు, అటొకరు పట్టుకుని నిలువుగా రెండు మడతలు వెయ్యాలి. తర్వాత ఎదురెదురుగా నడిచొచ్చి చివరలు కలపాలి. అప్పుడు ఒకరు కిందికి వంగి, వేలాడుతున్న మడత అందుకోవాలి. ఆ వంగేది ఎప్పుడూ నీలందారం మనిషే. ఎక్కడా రాసిపెట్టలేదు, ఎవరూ ఆర్డరు వెయ్యలేదు, అయినా అంతే. మా పెద్దమ్మ నీలందారం. రోజుకి నాలుగొందలసార్లు వంగేది.

ముప్పై ఒక్కేళ్ళ కిందట ఒక పొద్దున, పదకొండింటికి, పెద్దమ్మతో కలిసి మడవాల్సిన మనిషి జ్వరమని రాలేదు. వాల్వు ఏదో లీకై హాలంతా ఆవిరి. ఎదురుగా దుప్పట్ల కొండ. విసుగెత్తిపోయి ఒక దుప్పటి దులిపి, "పట్టుకునేవాళ్ళే లేరా ఈ లోకంలో!" అంటూ ఆవిరిలోకి విసిరింది. దుప్పటి కింద పడలేదు. బిగుసుకుంది. అటు చివర ఎవరో పట్టుకున్నారు! రెండు నిలువు మడతలూ పడ్డాయి. తర్వాత ఆవిరిలోంచి తెల్లటి వెలుగు ఒకటి నడిచొచ్చి, ముఖం లేని వెలుగు, చివరలు పెద్దమ్మ చేతిలో పెట్టింది. పెట్టి వంగింది. పెద్దమ్మ కాదు, ఆ వెలుగు వంగింది! కింది మడత అందించి మళ్ళీ ఆవిరిలో కలిసిపోయింది.

ఆ మధ్యాహ్నమే పెద్దమ్మ ఎర్రవీ నీలంవీ కలిపి ఒకే నీళ్ళలో వేసేసింది. వారం తిరక్కుండా నలభైమంది ఆడవాళ్ళు బ్లేడు ముక్కలు పట్టుకుని కూర్చుని దారాలన్నీ కోసేశారు. ఇక ఏది ఎవరి దుప్పటో కనిపెట్టడం ఎవడి తరం? మెట్ల కింద భోజనాలు ఆగిపోయాయి. ఈ రోజుకీ అక్కడ ఒక దుప్పటికి ఒకరు వంగితే తర్వాతి దుప్పటికి రెండోవాళ్ళు వంగాల్సిందే. దీనికంతటికీ అడ్డంపడి, పెద్దమ్మని ఆరుసార్లు ఆఫీసుకి పిలిచి సంజాయిషీ అడిగిన మనిషి మేట్రన్. నడకా, మాటా, యూనిఫారమూ అన్నీ బిర్రుగా ఉండేవని లాండ్రీ అంతా పెట్టుకున్న పేరు గంజి మేడమ్.

హమ్మయ్య, అయిపోయింది. ఇక గుమ్మంలోకి రండి.

ఎనభై దాటిన మనిషి. నాలుగు కాళ్ళ చేతికర్ర. ఇప్పటికీ తెల్లబట్టలే, ఇప్పటికీ మడత నలగలేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నా భుజం మీదుగా లోపలికి చూసి అడిగింది.

"లోపలికి రమ్మంటారా, ఇక్కడే నిలబెట్టి తిడతారా?"

పెదనాన్న చేతిలో ఇస్త్రీ పెట్టె గాల్లోనే ఆగిపోయింది. పెద్దమ్మ కుర్చీలోంచి దిగ్గున లేచి నిలబడింది. లేచాక, ఎందుకు లేచానా అని తన మీద తనే చిరాకుపడింది. కానీ మళ్ళీ కూర్చోలేకపోయింది. ముప్పై ఏడేళ్ళ అలవాటు మరి!

"రండి మేడమ్," అంది పెద్దమ్మ. "కొత్తగా తిట్టేదేముంది, అంతా పుస్తకంలో తిట్టేశాను."

"చదివాను."

"ఎలా చదివారు? ఇంకా అచ్చే కాలేదు!"

"ప్రెస్సువాడు నా మేనల్లుడు."

నాకు తల తిరిగిపోయింది. మూడు నెలలుగా ఆ మహానుభావుడు ఫోన్లో నాతో ఏమన్నాడో తెలుసా? "ఆ మేట్రన్ ఉన్న పేజీలు భలే ఉన్నాయండీ, ఇంకొంచెం గట్టిగా రాయండి!" అన్నాడు. సొంత మేనత్త!

మేడమ్ వచ్చి ఇస్త్రీ బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. వేలాడుతున్న చొక్కాల మధ్యలోంచి ముఖం మాత్రం కనబడుతోంది. సంచిలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. మా పుస్తకం ప్రూఫులే. అక్కడక్కడా ఎర్ర పెన్ను గీతలు.

"తప్పులు దిద్దాను. నలభై రెండున్నాయి. ఈ పిల్లేనా టైపు చేసింది?"

"నేనేనండీ," అన్నాను, స్కూల్లో బెంచీ ఎక్కినట్టు.

"వేగం తగ్గించు." పేజీలు తిప్పింది. "నూట పద్దెనిమిదో పేజీలో నన్ను రాతి మనిషి అన్నారు. నూట ముప్పైలో గుండె ఉండాల్సినచోట గడియారం ఉందన్నారు."

"ఆ గడియారం ముక్క నాది కాదు మేడమ్, ఇదిగో ఈ పిల్ల చేర్చింది," అని పెద్దమ్మ వెంటనే నన్ను చూపించేసింది. ఒక్క క్షణం కూడా నా పక్షాన నిలబడలేదు!

"బాగుంది. ఉంచండి," అంది మేడమ్. నేను ఊపిరి పీల్చుకున్నాను. "తిట్లు తీసెయ్యమని రాలేదు నేను. తిట్టదగ్గ దాన్నే. ఆ గంజి అనే పేరు ఎవరు పెట్టారో మాత్రం తెలుసుకోవాలనుంది."

పెద్దమ్మ పెదనాన్న వైపు చూసింది. పెదనాన్న చొక్కా కాలరు వైపు చూశాడు. అది ఇస్త్రీ అయిపోయిన కాలరే. మళ్ళీ చేశాడు.

మేడమ్ కాగితాల కట్టలోంచి ఏడో అధ్యాయం బయటికి లాగింది. ఆ పేజీల మీద ఎర్ర గీతల్లేవు. ఒకేచోట, వంగింది అనే మాట కింద, సన్నగా ఒక గీత.

"మూడొందల పేజీల్లో నేను దుర్మార్గురాలిని. ఒప్పుకున్నాను. అన్నేళ్ళలో ఒక్కరోజు, ఒక్కచోట, ఒక్క మంచి పని చేశాను. ఆ ఒక్కదాన్నీ తీసుకెళ్ళి దేవుడికిచ్చేశావు. ఇదేం న్యాయం?"

మొదట మాకెవరికీ అర్థం కాలేదు. తర్వాత ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది.

"ఏమన్నారు?" అంది పెద్దమ్మ.

"ఆ రోజు వంగింది నేను."

పెద్దమ్మ నవ్వింది. నిజంగానే, పొట్ట పట్టుకుని నవ్వింది. "మీరా! మేడమ్, మీ చేతిలోంచి పెన్ను జారితే పక్కనున్న నర్సు పరిగెత్తుకొచ్చి తీసిచ్చేది. మీరు వంగగా చూసినవాళ్ళు ఆ ఆసుపత్రిలో ఒక్కరు లేరు. వంగితే విరిగిపోతారని పందేలు కాసుకునేవాళ్ళం!"

"తెలుసు. అందుకే ఎవరికీ చెప్పలేదు."

ఆ మాట ఎంత మామూలుగా అందంటే పెద్దమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది. చేతులు పక్కకి వాలిపోయాయి. ఆవిడ ముఖం అలా అవడం నేనెప్పుడూ చూడలేదు. మెల్లగా అడిగింది, "రుజువేంటి?"

"ఆ దుప్పటి దాచానని రాశావు కదా. ఉందా?"

ఉంది. వెనకగదిలో ఇనప్పెట్టెలో, ప్లాస్టిక్ కవర్లో, ఆ రోజు పడిన మడతలతోనే ఉంది. ఆ రోజే విప్పకుండా పక్కన దాచి, లాండ్రీవాళ్ళు పాతబడిన దుప్పట్లు తీసేసే రోజున అడిగి తెచ్చుకుందట. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్కసారీ విప్పలేదు. నేను ఫొటో తీస్తానంటే కవరు మీదనుంచే తీసుకోమంది. అలాంటిది!

"మీ లాండ్రీవాళ్ళు మూలని మూలకి కలిపి ఊరుకుంటారు," అంది మేడమ్. "మేం నర్సులం మూలని బొటనవేలితో లోపలికి తోసి మడుస్తాం. చిన్న త్రికోణం పడుతుంది. మొదటి ఏడాదే నేర్పిస్తారు. ఇక చచ్చేదాకా పోదు, చేతిరుమాలు మడిచినా పడుతుంది. విప్పి చూడు. అటు చివర త్రికోణం ఉంటే నేను. లేకపోతే ఇలాగే వెళ్ళిపోతాను, నూట పద్దెనిమిదో పేజీలో ఇంకో తిట్టు చేర్చుకోండి."

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. ప్రెస్సాయన. "ఏమండీ, ఏడోది ఎక్కడిదాకా వచ్చింది? నాలుగుంబావైంది. మిషన్ మీద ప్లేట్లు ఎక్కిస్తున్నా." నేను ఏదో నసిగి పెట్టేశాను.

పెట్టేశాక పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను. "పెద్దమ్మా, విప్పకు. ప్లీజ్. మేడమ్ గారి మాట మనం నమ్మక్కర్లేదు, వద్దనక్కర్లేదు. అధ్యాయం ఉన్నదున్నట్టు పంపేద్దాం. అది లేకపోతే పుస్తకంలో వెలుగే లేదు కదా!"

పెద్దమ్మ నా చెయ్యి తీసేసింది. కోపంగా కాదు.

"ఒసే పిల్లా, ఆ రోజు సాయంత్రం నేను నలభైమందిని నిలబెట్టి ఏమన్నానో నువ్వే టైపు చేశావు కదా. దేవుడే నీలందారానికి వంగాడు, ఇంకెవరికి వంగాలి మనం అన్నాను. ఆ ఒక్క మాట మీద వాళ్ళు బ్లేడు పట్టుకున్నారు. పిల్లలున్నవాళ్ళు, మొగుడు లేనివాళ్ళు, ఉద్యోగం పోతే రేపెలా అని తెలిసినవాళ్ళు. రేపు పుస్తకం వాళ్ళందరి చేతుల్లోకీ వెళ్తుంది. అందులో ఆ మాట నిజం కాదని తెలిసీ నేను మళ్ళీ చెప్పనా?"

ఆవిడ లోపలికెళ్ళింది. పెట్టె మూత కిర్రుమంది.

దుప్పటి కవర్లోంచి బయటికి రాగానే గదంతా పాతబట్టల పెట్టె వాసన. మడతల అంచులు పసుపు పచ్చగా మారాయి. నేను అటు చివర పట్టుకుందామని చెయ్యి చాపాను. ఇద్దరూ ఒకేసారి అరిచారు, "నువ్వుండు!"

మేడమ్ చేతికర్రని ఇస్త్రీ బల్లకి ఆనించి లేచింది. పెదనాన్న వేలాడే చొక్కాలన్నీ ఒక పక్కకి జరిపి దారిచ్చాడు. పెద్దమ్మ మడత కిందికి వదిలింది. ఆఖరున వేసిన మడత అది, అదే ముందు విడింది. తర్వాత పైన కలిపి ఉన్న చివరల్లో అటువైపుది మేడమ్‌కి అందించింది. మేడమ్ దాన్ని పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. చివరలు విడిపోయాయి.

నేను ఫోన్ టార్చి వేశాను. పట్టపగలు, కిటికీ తెరిచే ఉంది, అయినా వేశాను.

మేడమ్ చేతిలోని మూల లోపలికి మడిచి ఉంది. చిన్న త్రికోణం. దాని గీత వెంబడి పసుపు రంగు, అంటే ఇవాళ పడింది కాదు. పెద్దమ్మ వంగి చూసింది. తన చేతిలోని మూల చూసుకుంది. అది మామూలుగా, మూలకి మూల. మళ్ళీ ఆ త్రికోణం చూసింది. దాని మీద వేలితో రుద్దింది, గీత పోతుందేమో చూద్దామన్నట్టు. పోలేదు.

"ఎందుకు?" అంది. "మేడమ్, మీరెందుకు వంగారు?"

"వంగుదామని రాలేదు. తిట్టడానికి వచ్చాను. ఆవిరి లీకవుతోందని ఎవరో ఫిర్యాదు చేస్తే సెల్లార్లోకి దిగాను. ఏమీ కనపడలేదు. చేతిలోకి దుప్పటి వచ్చింది, పట్టుకున్నాను, నాలుగడుగులు వేశాను, ఎదురుగా నువ్వు. చివరలు నీ చేతిలో పెట్టాను. ఇక నువ్వు వంగాలి. నువ్వు వంగలేదు."

"నేను కదల్లేకపోయాను. ఒళ్ళంతా ఝల్లుమంది," అంది పెద్దమ్మ.

"నాకేం తెలుసు? పొగరనుకున్నాను. సరే, కింద పడితే మళ్ళీ ఉతకాలి కదా అని వంగాను. వంగితే నీ కాళ్ళు కనిపించాయి." "కుడి కాలి చెప్పు తెగి ఉంది. నీలందారంతో కట్టుకున్నావు. ఎనిమిదో తొమ్మిదో ముళ్ళు. పన్నెండేళ్ళు ఆ సెల్లార్ నా కింద ఉంది. నిలబడి చూస్తే మీ అందరివీ చేతులే కనిపించేవి నాకు. ఎవరి కాళ్ళూ చూడలేదు. వంగితే గానీ కనపడలేదు."

పెద్దమ్మ తన కాళ్ళ వైపు చూసుకుంది. ఇప్పుడున్నవి మంచి చెప్పులే, నేనే కొనిచ్చాను. అయినా చూసుకుంది.

"మూడో రోజుకల్లా దేవుడు వంగాడని నువ్వు చాటింపేశావు," అంది మేడమ్. "పైవాళ్ళు నన్ను పిలిచి, ఈ దర్శనం సంగతేంటో తేల్చమన్నారు. నేను నోరు విప్పి, ఆ వెలుగు నేనే, నా యూనిఫారమే అంటే మీ బ్లేడు ముక్కలన్నీ ఆ రోజే చెత్తబుట్టలోకి పోయేవి. నాకు తెలియదన్నాను. నీకు ఆరు సంజాయిషీ నోటీసులు ఇచ్చాను. ఏడోది పైవాళ్ళు ఇమ్మన్నారు. అది ఇస్తే ఉద్యోగం పోతుంది. ఆ కాగితం నా సొరుగులోనే పెట్టి మర్చిపోయాను."

"మర్చిపోయారా? మీరా?"

"గట్టిగా మర్చిపోయాను."

నేను ముక్కు చీదుకున్నాను. ఎవరూ పట్టించుకోలేదు. పెద్దమ్మ మాత్రం దుప్పటి పట్టుకున్న చేతులతోనే అలా నిలబడిపోయింది. ఇప్పుడు ఏడుస్తుంది, అధ్యాయం చింపేయమంటుంది, ఐదింటికి పుస్తకం లేదు ఏమీ లేదు అనుకున్నాను. అప్పుడు ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుపు కాదు! నవ్వు. మొదట కిచకిచ, తర్వాత గది దద్దరిల్లేలా.

"అయ్యో నా పిచ్చి బుర్ర! దేవుడు వంగాడని ముప్పై ఒక్కేళ్ళుగా పొంగిపోతున్నాను. దేవుడు వంగడంలో గొప్పేముంది? ఆయనకి నడుం నొప్పా, హోదానా? కావాలంటే రోజంతా వంగుతాడు. మీరు వంగారు చూడండి మేడమ్, మీరు! అదీ దర్శనమంటే! అంతకంటే పెద్ద దర్శనం ఎవరికైనా అయిందా?"

పెదనాన్న అప్పటిదాకా బిగబట్టిన నవ్వు భళ్ళున బయటికొచ్చింది. మేడమ్ పెదవులు బిగించింది. గంజి పెట్టిన ముఖం. కానీ చివర్లో ఒక పక్క కొంచెం వదులైంది. నేను చూశాను.

"పిల్లా, కూర్చో. రాసుకో," అంది పెద్దమ్మ. నేను బల్ల చివర ల్యాప్‌టాప్ ముందు వాలిపోయాను. "ఏడో అధ్యాయం ఒక్క అక్షరం తీసెయ్యకు. నాకు ఎలా కనపడిందో అలాగే ఉండనీ. దాని కింద రాయి. ఆ వెలుగు పేరు నాకు ముప్పై ఒక్కేళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజు నేను నలభైమందికి చెప్పింది అబద్ధం కాదు, తక్కువ చెప్పాను. దేవుడికి మనుషుల చేత పని చేయించుకోవడం వచ్చు. గంజి మేడమ్ చేత కూడా. రాశావా?"

"గంజి తీసేస్తావా?" అంది మేడమ్.

"తియ్యను."

"సరే, ఉంచు."

నా వేళ్ళు ఎగిరిపోతున్నాయి. నలభై మూడో తప్పు వచ్చినా సరే! నాలుగూ నలభై. పావుగంటలో పంపేయొచ్చు. అంతా ఎంత అందంగా ముగిసిందంటే నాకే నమ్మకం కుదరలేదు. ఎర్రదారం, నీలందారం, ముప్పై ఒక్కేళ్ళు, ఒక త్రికోణం. వాళ్ళిద్దరూ ఇంకా దుప్పటి పట్టుకునే ఉన్నారు, చెరోవైపు, మధ్యలో నిలువు మడతలు రెండూ విప్పకుండా, సన్నటి తెల్ల బాటలాగా. మళ్ళీ తప్పు రాయకూడదు కదా అని, ఊరికే, ఒక్క సంగతి సరిచూసుకుందామని తలెత్తి అడిగాను.

"మేడమ్ గారూ, మొదటి రెండు నిలువు మడతలు కూడా మీరే వేశారని రాసెయ్యనా?"

"ఆ రెండూ నావి కావు," అంది మేడమ్ చప్పున. "నేను వచ్చేసరికే పడి ఉన్నాయి. అవి వేసినామే కదా చివరలు నా చేతిలో పెట్టింది."

కీబోర్డు మీద నా వేళ్ళు ఆగిపోయాయి.

"ఎవరామె?" అంది పెద్దమ్మ.

"నీ జత మనిషి. నీతో రోజూ మడిచేది ఉండేది కదా. ముఖం కనపడలేదు. రెండు తడిచేతులు ఆవిరిలోంచి వచ్చి నా చేతిలో దుప్పటి పెట్టాయి. పెట్టి, వీపు మీద చెయ్యివేసి నన్ను ముందుకి నెట్టింది. మెల్లగానే. మేట్రన్‌ని నెట్టే ధైర్యం ఎవరికొచ్చిందా అని తర్వాత చాలా రోజులు అనుకున్నాను."

"మేడమ్," పెద్దమ్మ గొంతు తగ్గింది, "నా జత మనిషి ఆ రోజు రాలేదు. జ్వరం. అధ్యాయం మొదట్లోనే రాశాం."

మేడమ్ ఆ పేజీ తిప్పి చూడలేదు. తిప్పక్కర్లేదు, చదివిందే. కానీ ముప్పై ఒక్కేళ్ళుగా తన మనసులో ఉన్న మనిషిని తీసి ఆ ఖాళీలో పెట్టి చదువుకుందన్నమాట. నెమ్మదిగా ఆవిడ ముఖం మీద రంగు మారింది.

"మరి నన్ను నెట్టిందెవరు?"

అప్పుడొచ్చింది వాసన. మొదట నా ల్యాప్‌టాప్ ఏదో అయిందనుకున్నాను. కాదు. బట్ట మాడుతున్న వాసన. ముగ్గురం ఒకేసారి తిరిగి చూశాం.

పెదనాన్న ఇస్త్రీ పెట్టె చొక్కా మీద పెట్టి అలాగే నిలబడిపోయాడు. దాని చుట్టూ సన్నగా పొగ. ఇన్నేళ్ళలో ఆయన చేతికింద ఒక్క బట్ట మాడలేదు. ఆ మాట బోర్డు మీద కూడా రాయించుకున్నాడు!

"ఏవండీ! చొక్కా!" అని అరిచింది పెద్దమ్మ. ఆయన ఉలిక్కిపడి పెట్టె తీశాడు. చొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ.

పెద్దమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. "మీరా?"

"నేనా! బాయిలర్ దగ్గర మగవాడు ఆడవాళ్ళ మడతల హాల్లోకి వస్తే ఉద్యోగం ఉంటుందా, నువ్వు బతకనిస్తావా? నేను కాదే. ఒట్టు."

"మరి చొక్కా ఎందుకు మాడింది?"

పెదనాన్న స్విచ్చి ఆపేశాడు. పెట్టెని నిలబెట్టాడు. మాడిన చొక్కా మడిచాడు, పనికిరాదని తెలిసీ, నీటుగా. అప్పుడు అన్నాడు.

"వాల్వు బిగించడానికి వచ్చాను కదా ఆ రోజు. హాలుకీ బాయిలర్‌కీ మధ్య గాజు కిటికీ ఉండేది. అందులోంచి చూశాను. మేడమ్ గారిని నెట్టిన మనిషిని నేను చూశాను. ఆమె కూడా నన్ను చూసింది. చూసి, వేలు పెదాల మీద పెట్టింది. అంతే, నేనూ నోరు మూసుకున్నాను."

"ముప్పై ఒక్కేళ్ళా! నా పక్కనే కూర్చుని, నేను చెబుతుంటే వింటూ!"

"నువ్వు వెలుగన్నావు కదా. వెలుగుకి పేరెందుకులే అనుకున్నాను."

నా ఫోను మళ్ళీ మోగింది. నేను తియ్యకముందే మేడమ్ చెయ్యి చాపి తీసుకుంది. దుప్పటి మాత్రం ఇంకో చేత్తో వదల్లేదు. "ఒరేయ్, నేను మాట్లాడుతున్నాను, అత్తని. మిషన్ ఆపు. ఎందుకో తర్వాత చెప్తాను. ఆపమన్నాను!" అని ఫోను నా ఒళ్ళో పడేసింది.

"ఇప్పుడు చెప్పండి," అంది పెద్దమ్మ మొగుడితో. "ఎవరది?"

పెదనాన్న ఆవిడ వైపు చూడలేదు. నా వైపు చూడలేదు. గోడవారనున్న ఇంకో స్టూలు లాగి, మీద దుమ్ము లేకపోయినా చేత్తో తుడిచి, గంజి మేడమ్ వెనకాల పెట్టాడు.

"ముందు మేడమ్ గారిని కూర్చోనీ," అన్నాడు. "ఈ పేరు ఆవిడ నిలబడి వినలేరు."